ఇనుప గేటు, ధనుర్వాతం

ధనుర్వాతానికి మందులు రెండు. ఒకటి సూదిలో ఎక్కించేది, రెండోది నిశ్శబ్దం. మొదటిది నాకు సౌదీలోని రాబిగ్‌లో దొరికింది. రెండోదాని కోసం మా బామ్మర్ది సాయిలు తన బతుకుతెరువు పోగొట్టుకున్నాడు. కోపం తగ్గాక రాద్దామని ఇన్నేళ్లు ఆగాను. అది తగ్గలేదు. ఇక తగ్గదని తేలిపోయింది కాబట్టి ఇప్పుడు కూర్చున్నాను.

కాలికి మొల దిగినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ముందు లేచి వెళ్లి సూది వేయించుకోండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

రంజాన్‌కు ముందు

నాది సెంట్రింగ్ పని. స్లాబు గట్టిపడ్డాక పలకలు ఊడదీసి ఒక పక్కన పడేస్తాం. వాటికి మొలలు నిలువునా లేచి ఉంటాయి. అలాంటి పలక మీద కాలేశాను. అరిగిన బూటును చీల్చుకుని మొల పాదంలోకి దిగింది. పలకతో సహా కాలు పైకెత్తి, ఒంటికాలి మీద గెంతుతూ సాయిలును పిలిచాను. వాడు పలకను తొక్కిపట్టి నా కాలిని లాగాడు. రక్తం పెద్దగా రాలేదు. రానందుకు సంతోషించాం కూడా.

ఆస్పత్రికి ఎందుకు పోలేదని అడుగుతారు. అప్పటికి మా కంపెనీ నితాఖత్‌లో ఎర్ర రంగులో పడి చాలాకాలమైంది. కంపెనీలో సౌదీలు ఎంతమంది ఉన్నారో చూసి సర్కారు రంగు వేస్తుంది. ఎరుపు పడితే మాలాంటి వాళ్ల ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, గడువు తీరితే మళ్లీ ఇవ్వరు. దాని మీద మనిషికింత అని లెవీ వచ్చి పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. కంపెనీ చేతులెత్తేసింది. కార్డు లేకపోతే బీమా ఉండదు, రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు. ఇంటికి పోదామంటే కఫీల్, అంటే మా వీసా యజమాని, ఎగ్జిట్ కొట్టాలి, ఆయన ఫోనే ఎత్తడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కంపెనీ క్యాంపు మూసేశాక అయిదుగురం ఒక పాత గదిలో చేరి, దొరికిన చోట దొంగచాటుగా పని చేసుకుంటున్నాం.

అందుకని ఊరి వైద్యం చేశాం. మా మెట్‌పల్లి వైపు మొల దిగితే ఆ చోట చెప్పుతో గట్టిగా కొడతారు, చెడు రక్తం పోవాలని. తర్వాత నూనెలో ముంచిన వత్తి వెలిగించి చిల్లు మీద చురక పెడతారు. మా తాత ఎందరికో పెట్టాడు, ఎవరూ చావలేదు. సాయిలు నా కాలిని ఒళ్లో పెట్టుకుని శ్రద్ధగా కాల్చాడు. చిల్లు మూసుకుపోయింది. నేను పళ్లు బిగబట్టి వాణ్ని అమ్మనాబూతులు తిట్టాను. వాడు నవ్వాడు. మూడోనాటికి పనిలోకి దిగాను.

దవడ

రంజాన్ నెల మొదలయ్యాక ఒకరోజు పొద్దున రొట్టె నోట్లో పెట్టుకోబోతే నోరు తెరుచుకోలేదు. పంటి నొప్పేమో అనుకున్నాను. చాయ్ పళ్ల సందుల్లోంచి జుర్రాను. మధ్యాహ్నానికి నా మొహం నవ్వుతోందట. నాకు నవ్వు రాలేదు, మొహం దానంతటదే ఇకిలిస్తోంది. సాయిలు మొదట నేను ఆట పట్టిస్తున్నాననుకున్నాడు. ఇంతలో ఎవరో నీళ్ల డబ్బా కింద పడేశారు. ఆ చప్పుడుకు నా వీపు విల్లులా వంగింది. తల వెనక్కి పోయింది, మడమలు నేలకు తన్నుకున్నాయి. నాలుక కొరుక్కున్నాను. ఒక దవడ పన్ను రెండుగా చీలింది.

ఈ రోగంలో ఘోరమంతా ఒక్కచోట ఉంది. స్పృహ పోదు. నా ఎముకలను నా కండలే విరుస్తుంటే అన్నీ తెలుస్తూ ఉంటాయి. ఒంట్లో ఎవరో దూరి పలుగు పెట్టి కీళ్లు ఊడదీస్తున్నట్టు ఉంటుంది. అరుద్దామంటే నోరు తెరుచుకోదు. పళ్ల సందుల్లోంచి పశువు మూలిగినట్టు ఒక చప్పుడు వస్తుంది.

పికప్ వెనక పరుపు మీద పడుకోబెట్టి తీసుకుపోయారు. రోడ్డు మీద ప్రతి గుంతకూ ఒకసారి చచ్చాను. మొదటి ఆస్పత్రిలో ఇఖామా అడిగారు, గడువు తీరిందని కుర్చీలు చూపించారు. కుర్చీలో కూర్చోలేని మనిషికి కుర్చీ. పక్కన ఒక సౌదీ ముసలామె మనవణ్ని ఒళ్లో పెట్టుకుని ఉంది. నా మూలుగుకు పిల్లాడు జడుసుకుని ఏడ్చాడు. ఆమె వాడి నోటి మీద చెయ్యి పెట్టి, తన నల్ల ముసుగు అంచుతో నా నోటి నురగ తుడిచింది. కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లను పెద్దగా తిట్టింది. ఆ తిట్టుకు నా వీపు మళ్లీ వంగింది గానీ, ఆ తల్లి చల్లగా ఉండాలి. ఆమె తిట్టబట్టే ఒక సూది వేసి, కార్డు లేనివాళ్లను చేర్చుకునే ఆస్పత్రి ఒకటుందని చెప్పి పంపారు.

తెలిసిన ఇల్లు

పికప్ ఆగింది. స్ట్రెచర్ మీద వెల్లకిలా పోతూ పైకప్పు రేకులు చూసి గుర్తుపట్టాను. అది మా పాత క్యాంపు.

కంపెనీ కూలిపోయాక ఎవరో దాన్ని కిరాయికి తీసుకుని, తెల్ల సున్నం కొట్టి, మంచాలు వేసి ఆస్పత్రి చేశారు. పేరు రాయను. నాకు కోపం ఆ పేరు మీద కాదు, ఆ గోడల మీద. కట్టేవాడికి కట్టినవాడి బుద్ధి తెలుస్తుంది. ఆ ఇల్లు మనుషులు ఉండటానికి కట్టింది కాదు, లెక్కపెట్టటానికి కట్టింది. పొడుగ్గా ఒకే వసారా, అటూ ఇటూ గదులు. మధ్యలో ఒక్కడు నిలబడితే అన్ని తలుపులూ కనిపిస్తాయి. కిటికీలు మనిషి తల కంటే ఎత్తులో, బయటికి చూడకుండా. నేల కాలువ వైపు వాలుగా, పైపుతో కడిగితే పోయేట్టు. ఆస్పత్రికి పనికొచ్చింది ఆ వాలు ఒక్కటే. గోడలకు గుల్ల ఇటుక, పైన రేకు, కింద నున్నటి బండ. చెంచా కింద పడితే చివరి గదిదాకా వినిపిస్తుంది. వసారా మొదట్లో ఇనుప గేటు. దానికి నా చెయ్యంత లావు గడియ.

అదే గేటు వేసి ఒకప్పుడు మమ్మల్ని కొట్టారు. ఇఖామాలు చేయించేదాకా పనికి పోమని భోజనాల హాలులో కూర్చున్నాం. పొద్దున గడియ పడిన చప్పుడు వినిపించింది, తర్వాత పైపులు పట్టుకున్న మనుషులు వచ్చారు. గేటు ఒకటే కాబట్టి ఎటూ పోలేకపోయాం. నా పక్కనున్నవాడి మోకాలు చిట్లిన చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. ఆ హాలే ఇప్పుడు మగవాళ్ల వార్డు. నేలను కడిగి మంచాలు వేశారు.

డాక్టర్ సుడాన్ మనిషి, నిద్ర లేని కళ్లు. సాయిలుకు అరబీ బాగా వచ్చు. వాడితో చెప్పిన మాటలు నాకూ వినిపించాయి. ఊపిరి కండలు పట్టుకుపోతే తన దగ్గర ఊపిరి ఆడించే మిషన్ లేదు, మిషన్ ఉన్న ఆస్పత్రి నన్ను తీసుకోదు. విషం దానంతటది దిగేదాకా వెలుతురు పడకుండా, చప్పుడు కాకుండా ఉంచితే బతుకుతాను, లేకపోతే లేదు. పాదం చూసి చిల్లు ఎవరు మూశారని అడిగాడు. గాలి తగలకుండా మూస్తే ఈ రోగానికి గూడు కట్టిచ్చినట్టేనని చెప్పాడు. సాయిలు నేనే కాల్చానన్నాడు. ఆ తర్వాత వాడు నా మొహం వైపు చూడటం మానేశాడు.

ఆ ఇంట్లో చీకటిగా ఉండే గది ఒక్కటే. ఉల్లిగడ్డలు నిలవ పెట్టిన అర్ర. దానికి కిటికీ లేదు. నన్ను అందులో వేశారు. దాని గోడ, గేటు గోడ ఒకటే.

గడియ

ఆస్పత్రిలో గేటెందుకని అడగాలి కదా. మాలాంటి కార్డు లేని రోగులు నయం కాగానే పారిపోతారని. గేటు తెరిచి ఉంచకూడదని మేనేజర్ హుకుం. కాపలాదారు కూడా పాతవాడే. ఇంటితోపాటు అతన్నీ కిరాయికి ఇచ్చారేమో. గేటు మూసినప్పుడల్లా గడియను చేత్తో జరపడు, ఒక్క తోపు తోస్తాడు. అది వెళ్లి ఇనుప చట్రానికి తగులుతుంది, గోడ అదురుతుంది, నా మంచం అదురుతుంది, నేను విల్లవుతాను. అన్నం బండి వస్తే ఒకసారి, పోతే ఒకసారి. నర్సు వస్తే, శవం పోతే, చూడటానికి చుట్టాలొస్తే. ప్రతిసారీ ఊపిరి ఆగిపోయేది. కళ్ల ముందు నల్లబడేది. ఈసారి తిరిగి రాదనుకునేలోపు ఎక్కడో కొంచెం గాలి దొరికేది. రెండు మోతల మధ్య నేను చేసిన పని ఒక్కటే, తర్వాతి మోత కోసం ఎదురుచూడటం. ఆ కాపలావాణ్ని నా మనసులో ఎన్ని రకాలుగా చంపానో రాస్తే మీరు ఈ కాగితం పక్కన పెట్టేస్తారు. పాపమని ఇప్పటికీ అనిపించదు.

అక్కడ ఊడ్చే పని చేసేది రమణమ్మ, రైల్వే కోడూరు వైపు ఆమె. ముందు ఒక సౌదీ ఇంట్లో వంటకు ఉండి, ఆ ఇంటివాళ్లు వేరే ఊరు వెళ్లిపోతే ఈ ఆస్పత్రికి మారిందట. నా మూలుగులో తెలుగు ఎలా వినిపించిందో గానీ వచ్చి చెవి దగ్గర గుసగుసగా అంది.

"ఏవూరన్నా మీది? ఉలకద్దు, పలకద్దు. నేనుండేంతసేపు ఆ గడి నా చేతిలో ఉంటాదిలే."

అన్నంత పనీ చేసింది. చెప్పులు విడిచి తిరిగేది. గేటు పడబోతే పరుగెత్తి, గడియకూ చట్రానికీ మధ్య తన చెయ్యి పెట్టేది. ఒకరోజు వేళ్లు నలిగాయి. ఆ తర్వాత పాత చున్నీ చింపి గడియకు చుట్టింది. కాపలాదారు చూసి పీకి పారేశాడు. ఆమె మళ్లీ చుట్టింది. ఈసారి అతను ఆమెను గోడకు నెట్టాడు. డాక్టర్ వెళ్లి అరిచాడు, మేనేజర్‌కు రాశాడు, గేటు తీసేయమని. మేనేజర్ యజమానిని అడగాలన్నాడు, యజమాని జెద్దాలో ఉన్నాడు. డాక్టర్ తిరిగొచ్చి నా మంచం పట్టీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

మా ఆవిడ గంగామణి ఊరినుంచి రోజూ సాయిలుకు ఫోన్ చేసేది. నాతో మాట్లాడటానికి లేదు, ఫోన్ మోగితే నేను పోతాను. ఒకరోజు సాయిలు వచ్చి చెవిలో చెప్పాడు.

"అక్క అడుగుతాంది బావ. ఎట్లన్న జేసి మనిషిని తోలుకరమ్మంటాంది. నేనేం జెప్పాలె?"

నేను కళ్లు మూశాను. వాడు గేటు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ శుక్రవారం

ఇది నేను చూసింది కాదు. నాకు వినిపించిందీ, తర్వాత రమణమ్మ చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

జుమ్మా నమాజు వేళ కాపలాదారు, వంటవాళ్లు, డ్రైవర్లు అందరూ మసీదుకు పోతారు. అప్పుడు ఆస్పత్రిలో నర్సులు, రోగులను వదిలిపోలేని డాక్టర్, రోగులు, నమాజు లేని మాలాంటివాళ్లం మిగులుతాం. సాయిలు మా గదిలో ఉండే ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. గోనె సంచులు తెచ్చారు. గేటు బందులు మేకుల మీద కూర్చుని ఉంటాయి, పైకెత్తితే ఊడివస్తుంది. ముగ్గురూ మాట్లాడుకోకుండా ఎత్తారు. డాక్టర్ ఆ పక్కగా వచ్చి, చూసి, వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

గేటు మేకుల మీంచి లేచింది. దాన్ని నేల మీద పరిచిన సంచుల మీదికి దించాలి. అప్పుడు కాపలాదారు వచ్చాడు. ఎందుకు త్వరగా వచ్చాడో ఎవరికీ తెలియదు. తోడు వచ్చిన ఇద్దరూ వదిలేసి పరుగెత్తారు. వాళ్లను నేను తప్పుపట్టను, ఇఖామా లేనివాడికి కాళ్లే ఇఖామా. సాయిలు పరుగెత్తలేదు. గేటు బరువంతా వాడి భుజం మీద ఉంది. వదిలితే వాడు బతుకుతాడు. వదిలితే అది బండ మీద పడుతుంది, గోడ అవతల నేనున్నాను.

కాపలాదారు మూలనున్న పైపు తీసుకుని వెనకనుంచి కొట్టాడు. వీపు మీద, మెడ మీద, గేటు మోస్తున్న భుజం మీద. సాయిలు నోరు తెరవలేదట. మోకాళ్లు ఒక్కొక్కటే వంచి, గేటును పిల్లను పడుకోబెట్టినట్టు సంచుల మీద పెట్టాడట. దాని కింద ఇరుక్కున్న వేళ్లు కూడా నెమ్మదిగానే లాక్కున్నాడు. ఆ తర్వాతే కింద పడ్డాడు. రమణమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కాపలావాడి కాళ్లకు అడ్డం పడింది. ఆమె కూడా అరవలేదు.

గోడకు ఇవతల నాకు ఏవో మెత్తటి దెబ్బలు వినిపించాయి. బియ్యం మూటలు దింపుతున్నారనుకున్నాను. ఒళ్లు కొంచెం బిగిసింది, అంతే. ఆ రోజు వీపు వంగలేదు. రంజాన్ సరుకు వచ్చిందనుకుని కళ్లు మూసుకున్నాను. మా బామ్మర్దిని చావగొడుతుంటే నేను హాయిగా పడుకున్నాను. ఇది నా తప్పు కాదని డాక్టర్ చాలాసార్లు చెప్పాడు. తప్పు కాదని నాకూ తెలుసు.

పోలీసులొచ్చి సాయిలును తీసుకుపోయారు. కార్డు లేదు, పైగా ఆస్తి పాడుచేశాడని కేసు. తర్హీల్‌లో, అంటే దేశంనుంచి పంపేసేవాళ్లను ఉంచే జైల్లో, పడేశారు. వేలిముద్రలు తీసుకుని పంపితే మళ్లీ ఆ దేశంలో అడుగు పెట్టడానికి లేదు.

గేటును మాత్రం తిరిగి నిలబెట్టలేకపోయారు. దించేటప్పుడు దాని మేకు వంగిపోయింది, సరిచేసే పనివాళ్లంతా లెవీ దెబ్బకు వెళ్లిపోయారు. అది గోడకు చేరేసి ఉండిపోయింది. కాపలాదారు కుర్చీ వేసుకుని అడ్డంగా కూర్చునేవాడు. నాకు మొదటిసారి నిద్ర పట్టింది. రోజు తర్వాత రోజు వీపు వదులైంది. ఒకనాడు రమణమ్మ చెంచాతో పెట్టిన గంజి పళ్ల మధ్యనుంచి కాకుండా నాలుక మీదుగా లోపలికి పోయింది. ఆమె అప్పుడు కూర్చుని జరిగినదంతా చెప్పింది. చెప్పడం అయ్యాక నేను ఏడ్చాను. ఏడుపుకు దవడ సాగి నొప్పి పుట్టింది, అయినా ఆపలేదు.

బతుకమ్మకు ముందు

చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు. నాకు కన్ను బాగానే ఉంది, నడుమూ కాళ్లూ సగం పోయాయి. వెన్నులో రెండు పూసలు నలిగాయన్నారు. కార్డు లేనివాళ్లను జరిమానా లేకుండా వెళ్లిపొమ్మని సర్కారు చెప్పిన రోజులవి. ఆ వరసలో నన్నూ చక్రాల కుర్చీలో పంపారు. విమానాశ్రయం దాకా డాక్టర్ వచ్చాడు. నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

సాయిలు నాకంటే ముందే ఊరు చేరాడు. నన్ను చూడటానికి రాలేదు. వాళ్ల అక్క ఇంటి గడప తొక్కనని కూర్చున్నాడట. గంగామణి ఫోన్ చేసినా ఎత్తలేదు. పదిరోజులు చూసి, ఆమే వెళ్లి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

వాడు వాకిట్లో నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. కుడిచెయ్యి వేలాడుతోంది, భుజం దాటి లేవదు. నేను కర్ర పట్టుకుని లేచాను. మా వైపు బామ్మర్ది బావ కాళ్లు కడుగుతాడు, బావ బామ్మర్ది కాళ్లు ముట్టుకోడు. నేను కర్ర వదిలేసి, నడుము వంగినంత వంచి, వాడి పాదాలు పట్టుకున్నాను.

సాయిలు నన్ను లేపి చెంప మీద కొట్టాడు. ఎడమ చేత్తోనే, గట్టిగా.

"నేను గాల్సిన కాలు బావ అది. నువ్వు నా కాల్లు మొక్కుడేంది?"

పొయ్యి దగ్గరనుంచి గంగామణి వచ్చింది. వాడి చెంప పగలగొట్టింది. నా వైపు తిరిగింది. కర్ర లేకుండా ఊగుతున్న నన్ను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నన్నూ కొట్టింది.

"మొగని కోసం దేవునికి మొక్కితె తమ్ముడు పాయె. తమ్ముని కోసం మొక్కుదామంటె మొగడు ఏమైతడో అని బుగులు. ఎవ్వని కోసం మొక్కాల్నో తెల్వక నోరు మూసుకొని కూసున్న నేను ఇన్నొద్దులు. ఇగ కొట్టుకుంటరా? కొట్టుకోండ్రి. ఇద్దర్ని మల్ల గా దేశమే తోలుత."

ఇద్దరం తలవంచుకుని నిలబడ్డాం. సాయిలును ఆ దేశం ఇక రానివ్వదని ఆమెకు తెలుసు, నేను ఇక పలక ఎక్కలేననీ తెలుసు. అయినా ఆ మాట అని, ఇద్దరి రెక్కలూ పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.